లాటిను రాని శస్త్రవైద్యుడు

ఫ్రాన్సు దేశీయుడగు ఆంబ్రాజ్ పారే (1510–1590) క్షురకవృత్తినుండి శస్త్రవైద్యమునకు వచ్చినవాడు. లాటిను చదివినవాడు కాడు. తుపాకిగాయములు విషపూరితములని తలచి ఆనాటి వైద్యులు వానిలో కాగిన నూనె పోసెడివారు. 1537 ప్రాంతమున ట్యూరిను యుద్ధమున ఆ నూనె చాలకపోగా, పారే గ్రుడ్డుసొన, గులాబితైలము, టర్పెంటైను కలిపి పూసెను. తెల్లవారునప్పటికి వారు మరణింతురేమోనని అతనికి నిద్రపట్టలేదు. ఈ భయమును దాచక తానే వ్రాసికొనుట అతని ఘనత. ఉదయమున చూడగా లేపనము పూసినవారు నెమ్మదిగా నుండిరి. నూనె పోసినవారు జ్వరముతో, వాపుతో బాధపడుచుండిరి.

కాల్చు చికిత్సను కాదని, 1545లో అతడు ఫ్రెంచిభాషలోనే గ్రంథము వ్రాసెను. లాటిను రాని క్షురకవైద్యులకును అది అందెను. 1575లో వెలువడిన సమగ్రరచనలను పారిసు వైద్యవిద్యాపీఠము తన అనుమతి లేదని అడ్డగింపజూచెను. 1582లో వానినే పండితులకై లాటినులోనికి అనువదించిరి.