కంటికి కనబడు పేరు – యంత్రము చదువు పేరు

పొలము కొనదలచిన రైతు గట్టున నిలిచి చూచినంతమాత్రమున బయానా ఇయ్యడు. ఆంధ్ర ప్రాంతమున అడంగలు, తెలంగాణమున పహాణీ తెప్పించి, సర్వే నెంబరు చూచి, హద్దులు సరిపోల్చుకొని ఆ పిమ్మటనే బేరమాడును. 'మామిడితోపు చేను' అని పిలువబడు చేలు ఊరిలో రెండు మూడుండవచ్చును. సర్వే నెంబరు మాత్రము ఒక్కదానికే యుండును. ఇంటర్నెట్టులోని పేర్లకును ఇట్టి సర్వే నెంబరు వంటిది యొకటి కలదు. అది చూడక వేలములో పేర్లు కొన్నవారును, పేరు చూచి నమ్మి డబ్బు కట్టినవారును మోసపోవుచున్నారు. ఈ మోసము జరుగు విధమును, దానిని గుర్తించు మార్గమును ఈ వ్యాసమున వివరింతుము.

ఇంటర్నెట్టునందలి కంప్యూటర్లు ఒకదానినొకటి సంఖ్యలచే గుర్తించును. ఆ సంఖ్యలను మనుష్యులు జ్ఞాపకముంచుకొనుట కష్టము. కావున 1983లో అమెరికాయందు పాల్ మొకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు సంఖ్యలకు బదులు పేర్లు వాడుకొను పద్ధతిని రూపొందించెను. బ్యాంకు, కళాశాల, ప్రభుత్వ శాఖ, వార్తాపత్రిక – వీని ఇంటర్నెట్టు చిరునామాలన్నియు ఆ పద్ధతి ననుసరించినవే. వీనిని డొమైను పేర్లందురు. డొమైను పేరు ఎవరికిని శాశ్వతమైన ఆస్తి కాదు. రుసుము చెల్లించి కొన్ని సంవత్సరములకు మాత్రమే వ్రాయించుకొనవలెను. 'కామ్' అను తోక గల పేర్లకు ఒకేసారి హెచ్చుపక్షము పదేండ్ల గడువే లభించును. గడువు తీరినపిదప పునరుద్ధరింపని పేరు ఇతరుల పాలగును. మంచి పేర్లకు గిరాకి మెండు. 'వాయిస్ డాట్ కామ్' అను పేరు 2019లో మూడు కోట్ల డాలర్లకు చేతులు మారినది. ఇట్టి ధరలు విన్నవారికి ఆశ పుట్టుట సహజము. అందుచే పేర్ల వేలములు ఇంటర్నెట్టులోనే రాత్రింబవళ్ళు జరుగుచున్నవి.

మొదట ఈ పేర్లను ఇంగ్లీషు అక్షరములు ఇరువదియారు, అంకెలు పది, అడ్డుగీత ఒకటి – ఈ ముప్పదియేడు గుర్తులతోనే వ్రాయవలసియుండెను. తెలుగు, అరబ్బీ, చీనా, రష్యను భాషలవారు తమ పేర్లను పరాయి లిపిలో వ్రాసికొనవలసివచ్చెను. ఈ కొరత తీర్చుటకై, ఇతర లిపులకును అవకాశము కల్పించు ప్రమాణములు 2003లో ప్రకటింపబడినవి. కాని యంత్రాంగమంతయు ఆ ముప్పదియేడు గుర్తులకే అలవాటుపడియుండెను. దానిని కదల్పక యొక ఉపాయము చేసిరి. ఇతర లిపిలోని పేరును 'ఎక్స్', 'ఎన్' అను రెండు ఇంగ్లీషు అక్షరములతోను, వాని వెంట రెండు అడ్డుగీతలతోను ప్రారంభమగు సంకేతరూపములోనికి మార్చి యంత్రమున కందింతురు. తెరపై మాత్రము మన లిపియే మనకు కనబడును. ఈ సంకేతరూపమే మనము పైన చెప్పుకొన్న సర్వే నెంబరు.

చిక్కు ఎక్కడ వచ్చినదనగా, ప్రపంచములోని లిపుల అక్షరములకు యూనికోడు అను ఉమ్మడి పట్టిక కలదు. అందు ప్రతి అక్షరమునకును ఒక సంఖ్య ఇయ్యబడినది. ఇంగ్లీషు చిన్నబడి 'ఏ' సంఖ్య 97. రష్యను మున్నగు భాషలు వ్రాయు సిరిలిక్ లిపిలో సరిగా ఆ ఆకారముననే యొక అక్షరము కలదు. దాని సంఖ్య 1072. భూతద్దము పెట్టి చూచినను ఈ రెండింటికి భేదము కానరాదు. యంత్రమునకు మాత్రము 97 వేరు, 1072 వేరు. ఇంగ్లీషు 'ఇ', 'ఓ', 'పి', 'సి', 'ఎక్స్' అక్షరములకును ఇట్టి కవలలు సిరిలిక్‌లో కలవు. 'పి' ఆకారపు అక్షరమును రష్యనులు 'ర' అనియు, 'సి' ఆకారపు దానిని 'స' అనియు చదువుదురు. లిపులలో తప్పేమియు లేదు. అవి శతాబ్దములుగ ప్రక్కప్రక్కన పెరిగినవి. వానిని ఒకే పట్టికనుండి ఏరి ఒకే పేరులో చేర్చుట మన కాలపు పని.

ఈ ప్రమాదమును ముందుగ పసిగట్టినవారు ఇజ్రాయెల్ దేశములోని టెక్నియాన్ విద్యాసంస్థకు చెందిన ఎవ్‌గెనీ గాబ్రిలోవిచ్, అలెక్స్ గోంట్‌మాఖర్ అను ఇరువురు. వారు మైక్రోసాఫ్టు పేరులో సిరిలిక్ అక్షరములు చొప్పించి, ఆ పేరును నిజముగనే నమోదు చేయించి, 2002లో ఆ సంగతిని ప్రకటించిరి. అప్పటికి 2003 నాటి ప్రమాణములు ఇంకను వెలువడలేదు. మూడేండ్లకు, అనగా 2005 ఫిబ్రవరిలో, అమెరికాలోని ష్మూ అను బృందమువారు డబ్బు పంపిణీ చేయు 'పేపాల్' సంస్థ పేరులోని మొదటి 'ఏ' తీసివేసి సిరిలిక్ అక్షరము పెట్టి చూపిరి. ఆనాటి బ్రౌజర్లలో పెక్కు అసలును నకలును ఒకేవిధముగ చూపినవి. ఆ నకలు పేరు సంకేతరూపము గమనింపదగినది: 'ఎక్స్ ఎన్', రెండు అడ్డుగీతలు, 'పి వై పి ఏ ఎల్', ఒక అడ్డుగీత, తుదకు '4 వి ఇ'. అనగా పరాయి అక్షరమును పేరునుండి వెలికిలాగి, అది యేదియో, ఎచ్చట నుండెనో తెలుపు గుర్తును చివర తగిలించుటయే ఈ సంకేతము పని.

ఆ ఏడే డొమైను వ్యవస్థను పర్యవేక్షించు ఐకాన్ సంస్థ తన మార్గదర్శక సూత్రములను సవరించి, పేరులోని ఒక్కొక్క భాగమున ఒక లిపి అక్షరములే యుండవలెనని నిర్దేశించెను. మోసము అంతటితో ఆగునని పలువురు తలచిరి. అది నెరవేరలేదు. 2017 ఏప్రిలులో షూడాంగ్ జెంగ్ అను పరిశోధకుడు 'ఆపిల్' పేరులోని అయిదక్షరములను సిరిలిక్ నుండియే తెచ్చెను. 'ఎల్' ఆకారమునకు కాకసస్ ప్రాంతపు భాషలలో వాడు 'పాలొచ్కా' అను నిలువుగీత వంటి అక్షరము సరిపోయెను. లిపి ఒక్కటే, నియమము దాటినట్లు కాదు! పైగా ఆ పేరునకు భద్రతా పత్రముకూడ లభించినది. చిరునామా ప్రక్కన తాళముకప్ప గుర్తు వెలసినది. క్రోమ్ బ్రౌజరువారు ఆ నెలలోనే లోపమును సవరించిరి. తాళముకప్ప గుర్తునకు అర్థము, మీరును ఆ పేరు గల స్థలమును జరుపుకొను సంభాషణ ఇతరులకు వినబడదని మాత్రమే. అవతలివాడు పెద్దమనిషి యని కాదు. ఆ గుర్తు ఇట్టి అపోహకు తావిచ్చుచున్నదని క్రోమ్‌వారు 2023లో దానిని తమ చిరునామా పట్టీనుండి తొలగించిరి.

ఇక వేలముల సంగతి. పశువుల సంతలో ఎద్దును పళ్ళు చూచి, నడిపించి చూచి కొందురు. పేర్ల వేలములో చూచుటకు తెరపై వ్రాత తప్ప వేరేమియు లేదు. విక్రేత కొద్దిపాటి రుసుముతో సిరిలిక్ అక్షరముల పేరొకటి నమోదు చేయించి వేలమునకు పెట్టును. పట్టికలో అది లోకప్రసిద్ధమైన పేరువలె కనబడును. "ఐదక్షరముల అపురూపమైన పేరు" అని వ్రాసిన చాలును. అది యక్షరాల నిజమే. కొనువాడు సంకేతరూపము అడుగడు, విక్రేత చెప్పడు. పాట ముగిసి సొమ్ము చేరిన పిమ్మట, కొన్నవానికి దక్కునది ఎవరును టైపు చేయజాలని యొక పేరు. ఇంగ్లీషు కీబోర్డుపై వ్రాసినవారందరు అసలు పేరునకే పోదురుగదా!

అట్లు మోసపోయి కొన్నవానికన్న, తెలిసియే కొన్నవాడు ప్రమాదకారి. టైపు చేయుటకు పనికిరాని పేరు, నొక్కించుటకు పనికివచ్చును. సెల్‌ఫోనునకు వచ్చు సందేశములో ఆ పేరు నుంచి, "మీ ఖాతా నిలిచిపోవుచున్నది, వెంటనే నొక్కుడు" అని వ్రాసిన, చదువరి కంటికి తన బ్యాంకు పేరే కనబడును. కావున ఈ వేలములలో ఎక్కువగ నష్టపడువాడు పాట పాడినవాడు కాడు. వేలము పేరైనను వినని ఖాతాదారుడు.

చట్టము ఈ విషయమున మౌనముగ లేదు. 'కామ్' మున్నగు పేర్లపై తగవులు తీర్చుటకు 1999 నుండి ఐకాన్ ఒక పద్ధతిని అమలుపరచుచున్నది. ఇతరుల వ్యాపారచిహ్నమును పోలిన పేరును దురుద్దేశముతో నమోదు చేసి వాడుచున్నట్లు తేలినచో, పేరు రద్దగును. లేదా చిహ్నము గలవారికి బదిలీ యగును. వేలములో పోసిన సొమ్ము తిరిగి యిప్పించు ఏర్పాటు అందు లేదు. మన దేశములో సత్యం ఇన్ఫోవే సంస్థ 'సిఫి' అను తన పేరును పోలిన పేర్లపై, 'ఎఫ్' అక్షరము అదనముగ చేర్చి వాడుకొనుచున్న మరియొక సంస్థతో వ్యాజ్యమాడెను. 2004లో సుప్రీంకోర్టు డొమైను పేరునకును వ్యాపారచిహ్నమువలె రక్షణ కలదని తీర్పుచెప్పెను. కంప్యూటరు సాధనముగ మారువేషమున వంచించువారికి సమాచార సాంకేతిక చట్టము 66-డి విభాగము క్రింద మూడేండ్లవరకు కారాగారమును, లక్ష రూపాయలవరకు జరిమానాయును విధింపవచ్చును.

ఇదంతయు రష్యను అక్షరముల గొడవ, మనకేమని పాఠకులు తలపవచ్చును. మన యింటనే కవలలున్నవి. తెలుగు, కన్నడ లిపులు ఒకే ప్రాచీన లిపినుండి చీలినవి. యూనికోడు పట్టికలో తెలుగు 'అ' సంఖ్య 3077, కన్నడ 'అ' సంఖ్య 3205. తెలుగు 'ర' 3120, కన్నడ 'ర' 3248. రెండు జంటలకును భేదము సరిగా 128. ఆకారమున ఇవి ఒకదానినొకటి మిక్కిలి పోలియుండును. తెలుగులోనే సున్న అంకె సంఖ్య 3174, అక్షరము ప్రక్క వ్రాయు నిండుసున్న సంఖ్య 3074. తెలుగు సున్న ఇంగ్లీషు చిన్నబడి 'ఓ'ను పోలునని యూనికోడువారి పోలికల పట్టికలో వ్రాయబడియే యున్నది.

తెలుగు లిపిలో 'భారత్' అను తోకకు 2011లోనే ఆమోదము లభించినది. కావున ఈ పోలికలను ముందుగ ఆలోచింపవలసివచ్చినది. బ్రాహ్మీనుండి పుట్టిన తొమ్మిది లిపులకై నవబ్రాహ్మీ సంఘమను పేర నిపుణులు కూడి నియమములు వ్రాసిరి. డొమైను పేరు చిట్టచివరి భాగమునకు సంబంధించి తెలుగు, కన్నడ నియమములు 2019లో ఐకాన్ నియమావళిలో చేరినవి. వాని ప్రకారము ఒక లిపిలో ఒక తోక మంజూరైనచో, రెండవ లిపిలో దానిని పోలిన తోక మరియొకరికి లభింపదు. బల్గేరియా దేశమువారు తమ లిపిలో రెండక్షరముల తోక కోరగా, అది బ్రెజిల్ దేశపు తోకను పోలినదని 2010లో నిరాకరింపబడినది. చివరకది 2016లో గాని వారి చేతికి రాలేదు.

ఇంత బాధ యేల, పరాయి లిపుల పేర్లన్నిటిని సంకేతరూపముననే చూపిన సరిపోవునుగదా యని కొందరు పాశ్చాత్య నిపుణులు సలహా చెప్పిరి. ఇంగ్లీషు తప్ప వేరొకటి చదువని వారికి అది సులభమే. తెలుగు మాత్రమే చదువగల రైతునకు అట్టి పేరు గోడమీది గీతలతో సమానము. నేటి బ్రౌజర్లలో పెక్కు మధ్యేమార్గము త్రొక్కుచున్నవి. ఇంగ్లీషుతో సిరిలిక్ కలిసినను, సిరిలిక్ పేరు ఇంగ్లీషును అచ్చముగ పోలినను సంకేతరూపము చూపును. తక్కినచోట్ల ఆయా లిపిని చూపును. కావున మీకు తెలిసిన బ్యాంకు పేరుండవలసినచోట 'ఎక్స్ ఎన్', రెండు అడ్డుగీతలు కనబడినచో అచ్చటినుండి తక్షణము మరలిపోవలెను.

చిరునామా చదువుటకును ఒక పద్ధతి కలదు. జాబుపై మనము పేరు, ఊరు, మండలము వ్రాసి చివర జిల్లా వ్రాయుదుము. డొమైను పేరును అట్టిదే; మొదటి వాలుగీతకు ముందున్న తుదిభాగము మిక్కిలి ముఖ్యము. 'గవ్ డాట్ ఇన్' అను తోక ప్రభుత్వ సంస్థలకు మాత్రమే ఇయ్యబడును. రిజర్వు బ్యాంకువారు 2025లో బ్యాంకులన్నియు 'బ్యాంక్ డాట్ ఇన్' అను తోకకు మారవలెనని ఆదేశించి, అక్టోబరు 31 గడువు విధించిరి. ఈ తోకతో పేర్లు నమోదు చేయు పని హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. సంస్థకే అప్పగింపబడినది. ఇది ఎవరైనను వేలములో కొని తెచ్చుకొనదగిన తోక కాదు. ఈ మాటలు పేరు నడుమ నున్నచో లెక్కలేదు, తుదినే యుండవలెను.

అన్నిటికన్న క్షేమమైనది, పాసుపుస్తకముపై నున్న పేరును స్వయముగ టైపు చేయుట. తన చేతితో వ్రాసిన పేరులో పరాయి అక్షరము చొరబడజాలదు. ఫోనులో సంకేతపదములు దాచు సాధనము నమ్మకముగ వాడువారికి మరియొక సౌకర్యము కలదు. అది పేరును కంటితో గాక సంఖ్యలతో పోల్చును. నిత్యము తానై నింపునది ఒకనాడు నింపక మిన్నకుండినచో, పేరులో మోసమున్నదేమో యని శంకింపవలెను.

పేర్లు కొనదలచిన యువకులు, సహకార సంఘములు పాటకు ముందు సంకేతరూపము వ్రాతపూర్వకముగ అడుగవలెను. చెప్పనిచోట దరావతు కట్టరాదు. తమ పేరు గడువు దాటి తొలగింపబడిన సంఘములు, 'కామ్' వంటి పేర్లయినచో, 30 దినములలోపల అదనపు రుసుముతో తిరిగి పొందవచ్చును. ఆ పిదప అది వేరొకరిది.

సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 అను నెంబరునకు ఫోను చేయవలెను, బ్యాంకునకును తెలుపవలెను. ఫిర్యాదులో, కంటికి కనబడిన పేరు మాత్రము వ్రాసిన చాలదు. అది అసలు బ్యాంకు పేరే యగును. సందేశమును చెరపక యుంచి, అందలి చిరునామాను నకలు తీసి బ్రౌజరులో తెరువక వేరొకచోట అంటించి, 'ఎక్స్ ఎన్' తో మొదలగు రూపము తెలిసినచో దానిని ఒక్క గుర్తు విడువక వ్రాసి యియ్యవలెను. పోలీసువారు ఆ పేరును నమోదు చేయించినవానిని వెదకుటకు ఆధారమదియే.