పైలట్ చదువు: ముందు లైసెన్సు, తర్వాతే స్కూలు

సౌదీలో ఉన్న మన కుటుంబాల్లో ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. రియాద్, జెద్దా, దమ్మామ్‌లలోని ఇండియన్ స్కూళ్ళలో పన్నెండో తరగతి ముగిస్తున్న పిల్లలు కొందరు "ఇంజనీరింగ్ వద్దు, పైలట్ అవుతాను" అంటున్నారు. 2023లో రియాద్ ఎయిర్‌ను ప్రకటించిన దగ్గర్నుంచీ ఈ మోజు ఇంకాస్త పెరిగినట్టుంది. నాన్నలు మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు కాబట్టి వెంటనే స్ప్రెడ్‌షీట్ తెరిచి స్కూళ్ళ పేర్లు, ఫీజులు వరసగా రాసేస్తారు. నన్నడిగితే అందులో మొదటి కాలమ్ స్కూలు పేరు కాదు, లైసెన్సు ఇచ్చే దేశం.

ఎందుకంటే, పైలట్ లైసెన్సుకు కనీస ప్రమాణాలు నిర్ణయించేది ఐకావో అనే అంతర్జాతీయ సంస్థే అయినా, లైసెన్సు ఇచ్చేది మాత్రం ఆయా దేశాలు. 1944 నాటి షికాగో ఒప్పందం ప్రకారం, అంతర్జాతీయ సర్వీసు నడిపే పైలట్‌కు ఆ విమానం రిజిస్టర్ అయిన దేశం ఇచ్చిన లైసెన్సో, ఆ దేశం ఆమోదించిన లైసెన్సో ఉండాలి. మన భాషలో చెప్పాలంటే స్టాండర్డ్ ఒక్కటే, ఇంప్లిమెంటేషన్లు దేశానికొకటి. పోర్టింగ్ ఖర్చు మనదే.

సౌదీలో విమానయానాన్ని నియంత్రించే సంస్థ గాకా. దాని నిబంధనలు చాలావరకు అమెరికా వాళ్ళ అచ్చులో పోసినట్టే ఉంటాయి. ఫ్లయింగ్ స్కూళ్ళ భాగానికి నంబరు కూడా అదే, పార్ట్ 141. దమ్మామ్ విమానాశ్రయంలో ఆక్స్‌ఫర్డ్ సౌదియా అకాడమీ ఉంది. ఖోబర్‌లో ఇల్లున్న వాళ్ళకి ఇది కళ్ళెదుటే ఉన్నట్టు. కానీ గాకా లైసెన్సు తీసుకుని మన పిల్లవాడు ఎక్కడ పని చేస్తాడు? సౌదీ ప్రభుత్వం 2022లో ప్రకటించి, 2023 మార్చి నుంచి అమలుకు పెట్టిన నిర్ణయం ప్రకారం ప్రైవేటు రంగంలో కో-పైలట్ ఉద్యోగాలు 100 శాతం సౌదీ పౌరులకే. పైలట్ ఉద్యోగాల్లో వాళ్ళ వాటా మొదట 60 శాతం, 2024 మార్చి నుంచి 70 శాతం. ఆ మిగిలిన 30 శాతం వేలాది గంటల అనుభవమున్న విదేశీయులకి పనికొస్తుంది గానీ, కొత్తగా లైసెన్సు వచ్చిన కుర్రాడికి కాదు. అతని మొదటి మెట్టు కో-పైలట్ ఉద్యోగమే కదా! ఆ మెట్టే లేదు.

అందుకని సౌదీలో ఉన్న చాలామందికి అసలు గమ్యం ఇండియానే. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లిచ్చాయి. అవన్నీ ఒక్కరోజులో రావు, లైసెన్సు చేత పట్టుకుని ఎదురు చూసేవాళ్ళూ తక్కువేం లేరు. అయినా అక్కడ తలుపు మూసి లేదు. మన డి.జి.సి.ఎ. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు కమాండ్‌లో. ఇక్కడ ఒక చిక్కుంది. ఐకావో ప్రమాణం ఏకబిగి కోర్సుకైతే 150 గంటలకే ఒప్పుకుంటుంది, యూరప్ తరహా కోర్సులు అలాంటివే. అలాంటి చోట చదివి ఇండియాకొస్తే తక్కువైన గంటలు మళ్ళీ డబ్బు కట్టి ఎగరాలి. పైగా డి.జి.సి.ఎ. పరీక్షలూ, మెడికలూ తప్పవు. అమెరికాలో ఉన్న పాఠకులకు వేరే లెక్క: 2013 నుంచి అక్కడ ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌కైనా మామూలుగా 1500 గంటలుండాలి.

దేశం తేలాక స్కూలు. దానికంటే ముందు క్లాస్ వన్ మెడికల్ చేయించండి. రంగుల చూపులో లోపం ఫీజు కట్టాక బయటపడితే ఏడవడం తప్ప చేసేదేం లేదు.

స్కూలు వాళ్ళని అడగాల్సింది విమానాలెన్ని అని కాదు, ఈ రోజు ఎగరగలిగేవి ఎన్ని అని. ఊరికే ఒక లెక్క వేసి చూద్దాం. బ్రోషర్‌లో 10 విమానాలు, ఎగిరేవి 6, ఒక్కోటి రోజుకి 4 గంటలు, నెలకి 25 రోజులు. మొత్తం 600 గంటలు. విద్యార్థులు 60 మంది ఉంటే మనిషికి నెలకి 10 గంటలు. అంటే 200 గంటలకి 20 నెలలు! బ్రోషర్‌లో 12 నెలలని ఉంటుంది. సర్వర్ కెపాసిటీ లెక్కలు వేసే మనం ఈ గుణకారం ఎందుకు మర్చిపోతామో నాకర్థం కాదు. గల్ఫ్ స్కూలైతే ఎండనీ లెక్కలోకి తీసుకోవాలి. 45 డిగ్రీల్లో గాలి పలచబడి, సముద్రమట్టాన ఉన్న రన్‌వే కూడా సుమారు 3600 అడుగుల ఎత్తునున్నట్టు ప్రవర్తిస్తుంది. చిన్న విమానానికి అది బరువే. దుమ్ము తుఫాన్ల రోజులు సరేసరి.

ఇండియాలో స్కూళ్ళకు డి.జి.సి.ఎ. 2025లో గ్రేడ్లివ్వడం మొదలుపెట్టింది. మొదటి జాబితాలో ఏ ప్లస్ ప్లస్ గానీ, ఏ ప్లస్ గానీ దక్కిన స్కూలు ఒక్కటీ లేదు. బేగంపేట తెలంగాణ అకాడమీతో సహా దేన్నైనా ఆ జాబితాలో చూసుకునే వెళ్ళండి. 2011లో నకిలీ మార్కుల జాబితాల పైలట్లు, ఎగరకుండానే లాగ్‌బుక్‌లో రాసిన గంటలు బయటపడ్డ సంగతి కొందరికి గుర్తుండే ఉంటుంది. కాబట్టి "గంటలు మేం చూసుకుంటాం" అనే స్కూలు గడప తొక్కకండి.

ఫీజు ఒకేసారి కట్టకండి, ఎగిరిన గంటల ప్రకారం వాయిదాల్లో కడతామనండి. ఒప్పుకోకపోతే, కిందటేడు చేరినవాళ్ళలో ఇద్దరు ముగ్గురి నంబర్లు అడిగి, ఇప్పటికి ఎన్ని గంటలయ్యాయో వాళ్ళనే కనుక్కోండి.