సంతకం పెట్టే ముందు లెక్క చూడండి: స్పేర్ పార్ట్స్ స్టోర్‌లో పనిచేసే మనవాళ్ళ కోసం

ఈసారి ఎపిసోడ్‌లో స్టోర్ పని గురించి మాట్లాడుకున్నాం. డ్యూటీలో ఉండి వినలేకపోయిన వాళ్ళ కోసం ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాను. మస్కట్ వాది కబీర్ గ్యారేజీల నుంచి నాలాంటి వాళ్ళుండే సైటు యార్డుల దాకా, బండ్ల పార్టులు మనవాళ్ళ చేతుల మీదుగానే కదులుతాయి.

'ఇంటర్నల్ కంట్రోల్' అంటే భయపడాల్సిందేమీ లేదు. సరుకు కదిలిన ప్రతిచోటా ఇద్దరు చూడాలి, ఒక కాగితం మిగలాలి. అంతే. కంపెనీ మన మీద పెట్టిన నిఘా అనుకుంటాం గానీ, సరుకు తగ్గిన రోజు మనల్ని కాపాడేది ఆ కాగితమే.

మన పెనుకొండ కియా ఫ్యాక్టరీ సంగతి గుర్తుందా? ఇంజన్లు పోయాయని 2025 మార్చిలో కంపెనీ ఫిర్యాదు చేసింది. మొదట 900 అన్నారు, తర్వాత పోలీసు పత్రాల్లో లెక్క వెయ్యి దాటింది. ఒక్క రాత్రిలో పోయినవి కావు, ఏళ్ళ తరబడి పోయాయి. దొంగ ఇన్వాయిస్‌లు, దొంగ గేట్ పాస్‌లతో బయటికి పంపి స్క్రాప్ వ్యాపారులకు అమ్మారని పోలీసులు చెప్పారు. అంటే కాగితం ఉంటే సరిపోదు. ఒకరు రాసిన కాగితాన్ని ఇంకొకరు సరుకుతో పోల్చి చూడాలి.

దించుకునేటప్పుడు: ఆర్డర్, డెలివరీ నోట్, కళ్ళ ముందున్న సరుకు, మూడూ కలవాలి. చూడ్డానికి ఒకేలా ఉన్నా బ్రేక్ ప్యాడ్ల పార్ట్ నంబర్ వేరే కావచ్చు. 50 రాసుండి 48 వస్తే, 48 అని రాసి డ్రైవర్ చేత కూడా సంతకం పెట్టించండి. 'మిగతావి రేపు తెస్తా' అంటే రేపే వాటికి సంతకం పెడదాం.

ఇచ్చేటప్పుడు: జాబ్ కార్డ్ నంబర్ లేకుండా పార్టు ఇవ్వొద్దు. పాత పార్టు వెనక్కి తీసుకోండి, కొత్తది బండికే ఎక్కిందనడానికి అదే రుజువు. ముదీర్ ఫోన్‌లో చెబితే ఇవ్వండి, కానీ వాట్సాప్‌లోనైనా ఒక మెసేజ్ పెట్టించుకుని, అదే రోజు స్లిప్ రాయించండి.

లెక్కపెట్టేటప్పుడు: ఏడాదికోసారి లెక్కిస్తే ఎప్పుడు తగ్గిందో తెలీదు. ఇంజెక్టర్లు, టర్బోలు, కంప్యూటర్ బాక్సుల్లాంటి ఖరీదైనవి వారం వారం చూడాలి. బోల్టులు, క్లిప్పులు మూడు నెలలకోసారి చాలు. లెక్కపెట్టే మనిషికి సిస్టమ్‌లో అంకె ముందే చూపించకూడదు. చూపిస్తే అదే అంకె రాసేస్తాడు. స్టోర్ తాళం ఉన్నవాడే లెక్క కూడా చూస్తే అది లెక్క కాదు. చిన్న స్టోర్ అయితే అకౌంట్స్ నుంచి ఒకరిని పిలవాలి.

స్క్రాప్ బండి వచ్చినప్పుడు: పాత ఇనుము కింద కొత్త పార్టు సులువుగా పోతుంది. అందుకే ఎక్కించేటప్పుడు స్టోర్ మనిషి ఒకరు, బయటి మనిషి ఒకరు దగ్గరుండాలి. గేట్ దగ్గర మళ్ళీ చూడాలి.

లీవుకు వెళ్ళేటప్పుడు: మనవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. తాళాలు ఇచ్చేసి విమానం ఎక్కుతాం. రెండు నెలల తర్వాత వస్తే, తగ్గిన సరుకంతా మన పేరు మీద ఉంటుంది. వెళ్ళే ముందు, వచ్చాక కూడా ఇద్దరూ కలిసి లెక్కపెట్టి, లిస్టు మీద తేదీ వేసి సంతకాలు పెట్టండి. ఫోటో మీ ఫోన్‌లో ఉంచుకోండి.

సరుకు తగ్గిందని తెలిసిన రోజే రాతలో చెప్పండి, దాచిపెడితే అనుమానం మన మీదికే వస్తుంది. అరబీలో ఉన్న కాగితం అర్థం తెలుసుకోకుండా సంతకం పెట్టొద్దు. అన్యాయంగా జీతంలో కోత పెడితే కార్మిక మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు చేయొచ్చు. ఒమన్ కొత్త కార్మిక చట్టం 2023లో వచ్చింది. మస్కట్‌లో మన ఎంబసీని కూడా సలహా అడగొచ్చు. ఎక్కడికి వెళ్ళినా మొదట అడిగేది కాగితాలే.

మీ స్టోర్‌లో పద్ధతి ఎలా ఉందో వాయిస్ మెసేజ్ పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.