ఉర్దూ తెలిసినవారికి అరబ్బీ వచ్చినట్లేనా?

చిలమత్తూరు ప్రాంతం వారికి పరభాషా భయం తక్కువ. ఇంట తెలుగో ఉర్దూయో మాట్లాడతాం. కొడికొండ దాటి బాగేపల్లి చేరితే కన్నడం. వానలు ముఖం చాటేసే ఈ సీమ నుండి జీవనోపాధి కొరకు కువైట్, సౌదీ అరేబియాలకు వెళ్ళే ఉర్దూ విద్యార్థులలో ఒక ధీమా కనిపిస్తుంది: లిపి మనదే, మాటలూ మనవే, అరబ్బీ ఎంతపని? ఈ ధీమాలో సగం నిజం. మిగిలిన సగం ప్రమాదకరం.

హక్కు, తారీఖు, జవాబు, షరతు, బాకీ, హాజరు అనే మాటలన్నీ అరబ్బీ మూలం గలవే. తెలుగు మాత్రమే తెలిసినవారు సైతం వీటిని పోల్చుకోగలరు. అయితే కొన్ని మాటలు ఇంత దూరం వచ్చేసరికి అర్థం మార్చుకున్నాయి. మనకు 'రుఖ్సత్' సెలవు, 'ఇజాజత్' అనుమతి. అరబ్బీలో ఇవి తారుమారు: 'ఇజాజా' సెలవు, 'రుఖ్సా' లైసెన్సు. సెలవు కోరబోయి 'రుఖ్సా' అంటే యజమానికి డ్రైవింగు లైసెన్సు స్ఫురిస్తుంది. 'వకీల్' అక్కడ ప్రతినిధి; న్యాయవాది 'ముహామీ'. మన 'గరీబు' పేదవాడు, వారి 'గరీబ్' పరాయివాడు. (రెండర్థాలూ మనవానికి సరిపోతాయనడం వేరే సంగతి.) స్త్రీని ఉద్దేశించి 'ఔరత్' అనరాదు, అరబ్బీలో అది మరుగుపరచవలసిన శరీర భాగాలకు పేరు.

అంకెల విషయంలో తెలుగు మాధ్యమం వారికి మరింత జాగ్రత్త అవసరం. అరబ్బీలో సున్న ఒక చుక్క. మన సున్నను పోలినది అయిదు. నూటయాభై దీనార్లు అని వ్రాస్తే ఒక గీత, ఒక సున్న, ఒక చుక్క కనిపిస్తాయి. తెలియనివారు దానిని పది అనుకుంటారు.

కువైట్ ప్రైవేటు రంగానికి 2010లో చేసిన కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగ ఒప్పందం అరబ్బీలో ఉండాలి. అనువాదం జతపరచవచ్చు గాని, వివాదం వస్తే చెల్లేది అరబ్బీ పాఠమే. సౌదీ చట్టమూ ఇదే చెబుతుంది. మన 1983 నాటి వలసల చట్టం క్రింద గల్ఫు దేశాలకు వెళ్ళడానికి ముందుగా ప్రభుత్వ అనుమతి పొందవలసినవారు ముఖ్యంగా పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు. చదువుకున్నవారు ఆ తనిఖీ లేకుండానే విమానం ఎక్కుతారు. అది గౌరవమే గాని, వారి ఒప్పందాన్ని పరిశీలించేవారు సాధారణంగా ఎవరూ ఉండరు.

ఖురాన్ షరీఫును చక్కగా పఠించగలిగినవారు కూడా ఒప్పందపు భాష అర్థమైనదని భావించరాదు. సంతకానికి ముందే నేటి అరబ్బీ ఎరిగినవారి చేత దానిని చదివించుకొని, జీతం, పనిగంటలు, సెలవుల వివరాలను అంచున తమ భాషలో వ్రాసుకోవాలి. 'ఇఖామా' మనకు నమాజుకు ముందు వినిపించే పిలుపు. అక్కడ అదే పేరు నివాస అనుమతి కార్డుకూ ఉన్నది. ఆ కార్డు ఉండవలసినది యజమాని బీరువాలో కాదు, తన జేబులో.