ఎట్లుంది సినిమా?

సినిమా చూసొచ్చినవాళ్లను అందరూ అడిగేది ఒకే ప్రశ్న. వాళ్లు ఆలోచించకుండా చెప్పేసేదీ ఒకటే ముక్క. బాగుంది, లేదంటే బాగాలేదు! కానీ ఆ ఒక్క ముక్క మీదే ఒక ఇంటి ఆదివారమూ ఓ కొత్త దర్శకుడి భవిష్యత్తూ ఆధారపడి ఉంటాయి.

సోమవారం ఉదయం. బుద్వేల్ రైల్వేస్టేషన్. ఉందానగర్ వైపు నుంచి వచ్చే రైలు కోసం ఎదురుచూసేవాళ్ల మధ్య ఇలాంటి మాటలు వినపడితే ఆశ్చర్యమేమీ లేదు.

‘అన్నా, నిన్న పిల్లలను తీస్కొని సిన్మాకు పోయినవంట గదా. ఎట్లుంది?’

‘ఫస్టాఫ్ మంచిగనే ఉంది తమ్మీ. ఇంటర్వెల్ అయినంక జర లాగిండు.’

‘అట్లనా? మా ఇంట్ల వచ్చే ఆదివారం పోదామంటున్నరు.’

‘ఎందుకు తియ్... నెల దాటితే ఫోన్లనే వస్తది గదా!’

రైలొచ్చింది. ఇద్దరూ ఎక్కేశారు. అర నిమిషం కూడా పట్టని ఈ మాటలతో ఓ సినిమాకు నాలుగు టికెట్లు పోయాయి. ఆ నలుగురికీ కలిసి బయటికెళ్లే సాయంత్రం పోయింది. అలాగని ఆ అన్న అబద్ధం చెప్పాడా అంటే అదీ లేదు. తనకు అనిపించిందే చెప్పాడు. ఆ తమ్ముడు అడగడంలోనూ తప్పులేదు. తెలంగాణలో 2021 డిసెంబరులో ఇచ్చిన ఉత్తర్వుల్లో మల్టీప్లెక్సు మామూలు సీటుకు పెట్టిన గరిష్ఠ ధర 250 రూపాయలు. దానికి 18 శాతం జీఎస్టీ కలిపితే 295. ఇంటిల్లిపాదీ నలుగురు వెళ్తే 1,180 రూపాయలు. పిల్లలు అడిగే పాప్‌కార్నూ, రానూపోనూ ఖర్చులూ వేరే. పెద్ద సినిమాలకు ప్రత్యేక అనుమతులతో రేట్లు పెంచితే ఈ లెక్క కూడా తప్పుతుంది. అంత డబ్బు పెట్టేముందు తెలిసినవాళ్లను ఓ మాట అడగకుండా ఎవరుంటారు?

మాటకో అర్థం

సినిమా కబుర్లకు మనవాళ్లు తయారుచేసుకున్న నిఘంటువు ఒకటుంది. అది తెలియకపోతే మోసపోతాం! ‘ఒకసారి చూడొచ్చు’ అన్నారంటే, రెండోసారి మీరు టికెట్ కొనిచ్చినా ఆయన రారని అర్థం. ‘క్లాస్ సినిమా’ అన్నారంటే మధ్యలో కునుకు పట్టింది కానీ ఒప్పుకోవడానికి మొహమాటం. ‘కెమెరా బాగుంది’ అంటే కథ గురించి అడగొద్దని. ఇక ‘పర్లేదు’ అన్న మాటకు నిఘంటువు కూడా సరిపోదు. చెప్పినవాళ్ల గొంతు వినాలి, ముఖం చూడాలి.

ఒకే ఇంట్లో నలుగురు ఒకే సినిమా చూసొచ్చినా నాలుగు సినిమాలు చూసినట్టే ఉంటుంది. పిల్లాడికి ఫైట్లు గుర్తుంటాయి. అమ్మకు హీరోయిన్ కట్టుకున్న చీర. నాన్నకు పార్కింగ్ దగ్గర పడిన అవస్థ. నానమ్మ మాత్రం ఇంటికొచ్చాక నింపాదిగా అడుగుతుంది... ‘ఆ పిల్ల తల్లి చివరికి ఏమైంది?’ అని. రెండున్నర గంటల సినిమాలో దర్శకుడు మరిచిపోయిన పాత్ర ఆమెకొక్కదానికే గుర్తుంటుంది. నిజానికి ఆ ఇంట్లో అసలైన విమర్శకురాలు ఆవిడే.

ఖాళీ హాళ్ల నుంచి...

నోటిమాట బలమేంటో తెలియాలంటే ‘శంకరాభరణం’ దగ్గరికి వెళ్లాలి. 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. స్టార్లు లేరు, ఫైట్లు లేవు. కథానాయకుడేమో వయసు మళ్లిన సంగీత విద్వాంసుడు. మొదట్లో హాళ్లు వెలవెలబోయాయి. చూసినవాళ్లు మాత్రం ఊరుకోలేదు. ఇంటికొచ్చి చెప్పారు, పక్కింటివాళ్లను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లారు. కొద్దిరోజుల్లోనే హాళ్లు నిండాయి. కె.విశ్వనాథ్ తీసిన ఆ సినిమాకు ఆ తర్వాత నాలుగు జాతీయ పురస్కారాలు వచ్చాయి. చెప్పినవాళ్ల మాట గొప్పదే. అయితే ఆ మాట ఊరంతా పాకేదాకా సినిమా హాల్లోనే ఉంది... అదీ ముఖ్యమే.

రాసేవాళ్ల మాటకూ విలువుండేది. ముళ్లపూడి వెంకటరమణ ఆంధ్రపత్రికలో సినిమా సమీక్షలు రాసేవారు. ఆయన కలానికి పదునెక్కువ. అంతగా తప్పులెంచిన మనిషే 1962లో ‘రక్తసంబంధం’ చిత్రానికి మాటలు రాశారు. ఒడ్డున నిలబడి ఈత గురించి చెప్పినాయనే నీళ్లలోకీ దిగారన్నమాట!

మూడు రోజుల గడువు

ఇప్పుడు అంత వ్యవధి లేదు. నెక్లెస్ రోడ్డు పక్కన ప్రసాద్స్ మల్టీప్లెక్సు ముందు శుక్రవారం ఉదయం ఆట వదిలేసరికి మైకులు సిద్ధంగా ఉంటాయి. బయటికొచ్చిన కుర్రాడు చెప్పిన మాట మధ్యాహ్నానికల్లా బుద్వేల్‌లోనే కాదు, డాలస్‌లో ఉన్న వాళ్ల బావ ఫోన్‌లోనూ వినపడుతుంది. సోమవారానికి సినిమా జాతకం తేలిపోతుంది.

అందుకే నిర్మాతలకు గుబులు. విడుదలైన మొదటి మూడు రోజులూ ఆన్‌లైన్ సమీక్షలు ఆపించాలని తమిళ నిర్మాతల సంఘమొకటి మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. అభిప్రాయం చెప్పే స్వేచ్ఛను అడ్డుకోలేమంటూ 2024 డిసెంబరులో కోర్టు మధ్యంతర ఆదేశాలివ్వడానికి నిరాకరించింది. డబ్బు తీసుకుని తిట్టేవాళ్లూ పొగిడేవాళ్లూ ఉన్నారన్న నిర్మాతల బాధలో నిజముండొచ్చు. కానీ టికెట్ కొన్న మనిషి నోరు మూయించడం ఎవరి తరం?

పైగా ఆ నోటిమాటే చిన్న సినిమాకు పెద్ద దిక్కు. 2016లో ‘పెళ్లిచూపులు’, 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’, 2025లో ‘లిటిల్ హార్ట్స్’... వీటికి కటౌట్లు కట్టే అభిమాన సంఘాలు లేవు. చూసినవాళ్లే ప్రచారకర్తలయ్యారు.

‘బాగుంది’ అనకుండానే...

2023 మార్చి 3న వచ్చిన ‘బలగం’ సంగతి ఇంకా చిత్రం. సిరిసిల్ల ప్రాంతం నుంచి వచ్చిన వేణు యెల్దండి తీసిన తొలి సినిమా అది. పెద్దాయన కొమురయ్య చనిపోతాడు. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఎప్పుడో నల్లి బొక్క దగ్గర మొదలైన పంతం ఇంటి ఆడబిడ్డను పుట్టింటికి ఇరవై ఏళ్లు దూరం చేసిందని తెలుస్తుంది. అదే నెల 24న ఓటీటీలోకి వచ్చినా జనం ఎవరి ఫోన్లో వాళ్లు చూసి ఊరుకోలేదు. తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ తెరలు కట్టి, అందరూ నేలమీద కూర్చుని కలిసి చూశారు. చివర్లో బుడగజంగాల పాటకు గొల్లుమన్నారు. విడిపోయిన అన్నదమ్ములు ఆ సినిమా చూసి కలిసిపోయారన్న వార్తలూ పత్రికల్లో వచ్చాయి. ఫస్టాఫ్ ఎలా ఉంది, సెకండాఫ్ లాగిందా అని అక్కడెవరూ అడగలేదు. సినిమా గురించి అంతకన్నా గట్టి అభిప్రాయం ఇంకేముంటుంది?

అభిప్రాయాలు మారడమూ ఉంది. 2010 అక్టోబరులో మహేశ్‌బాబు ‘ఖలేజా’ వచ్చినప్పుడు చాలామంది పెదవి విరిచారు. ఆ తర్వాత టీవీలో వచ్చిన ప్రతిసారీ దానికి కొత్త అభిమానులు పుట్టారు. 2025 మే 30న మళ్లీ విడుదల చేస్తే డైలాగులు అప్పజెబుతూ చూశారు. సినిమా అదే. చూసే కళ్లే మారాయి. పదిహేనేళ్ల కిందట హాల్లోంచి విసుగ్గా బయటికొచ్చినవాళ్లు కూడా ఆ రోజు ఈలలు వేసినవాళ్లలో ఉండే ఉంటారు!

అందుకని మొదటిరోజు అనిపించింది చెప్పకూడదనేం లేదు. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పాలి. మొహమాటానికి బాగుందంటే ఎదుటివాళ్ల 1,180 రూపాయలు వృథా. కాకపోతే తీర్పుతోపాటు కారణం కూడా ఒక్కటి చెబితే వినేవాళ్లకు తమ సంగతి తాము తేల్చుకునే వీలుంటుంది. ఒకరికి విసుగనిపించిన నింపాదితనమే మరొకరికి హాయి కావచ్చు.

బుద్వేల్ స్టేషన్లో ఆ అన్న కూడా ‘లాగిండు తమ్మీ, గని ఆ తండ్రి వేషం చూస్తుంటే మా నాయిన యాదికొచ్చిండు’ అని ఉంటే? ఆ రెండో ముక్క విన్నాక తమ్ముడు ఏం చేసేవాడో చెప్పలేం. బహుశా ఆదివారం నాలుగు టికెట్లు కాదు, ఊళ్లో ఉన్న తండ్రిని కూడా పిలిపించి ఐదు కొనేవాడేమో!