నది అడుగున అసలు పరీక్ష
పోలవరం ఎత్తు మీదే అందరి వాదన. దాని భవితవ్యాన్ని తేల్చేది మాత్రం గోదావరి ఇసుక

మరైగూడ ఉన్న కొంటా ప్రాంతానికి పోలవరమంటే ముంపు భయం. ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన శబరి ఒడ్డునున్న కొంటాను 2022 జులై వరద ముంచెత్తింది. అప్పుడు భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. ముంపు విషయమై ఛత్తీస్‌గఢ్, ఒడిశా సుప్రీంకోర్టుకెక్కాయి. నీటిమట్టం 41.15 మీటర్లా, 45.72 మీటర్లా అన్నదానిపై చర్చ సాగుతూనే ఉంది. కానీ ఇంజనీర్లను ఏళ్లుగా వేధించిన సమస్య నీటికి అడుగున ఉంది.

ప్రధాన ఆనకట్ట కట్టాల్సిన చోట నదీగర్భమంతా లోతైన ఇసుక. పైన ఎంత గట్టి కట్ట వేసినా, అడుగునుంచి నీరు ఊరుతూ ఇసుకను తోడేస్తే కట్ట కుంగుతుంది. అందుకే ఇసుకను చీల్చుకుంటూ రాతి దాకా కాంక్రీటు తెర దించుతారు. అదే డయాఫ్రమ్ వాల్. సుమారు 1,396 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల మందంతో కట్టిన ఆ గోడ 2018 జూన్‌లో పూర్తయింది. ఖర్చు దాదాపు రూ. 440 కోట్లు.

వరదను మళ్లించే కాఫర్ డ్యామ్‌లు మాత్రం అప్పటికి పూర్తికాలేదు. వాటి మధ్య మిగిలిన ఖాళీల గుండా 2019, 2020 వరదలు ఉరకలెత్తాయి. ఇసుక కోసుకుపోయి పెద్ద గుంతలు పడ్డాయి. గోడ నాలుగుచోట్ల దెబ్బతింది. తప్పు ఎవరిదన్న దానిపై పార్టీలు పరస్పరం నిందించుకున్నాయి. గోదావరికి ఆ వాదనతో పనిలేదు.

బలహీనమైన నేలకు మందు లేకపోలేదు. కంపించే పొడవాటి పరికరాన్ని ఇసుకలోకి దించితే రేణువులు సర్దుకుని నేల గట్టిపడుతుంది. కోతపడిన గుంతలను ఇసుకతో నింపి చేసింది ఇదే. కాఫర్ డ్యామ్‌ల కింద వాడింది జెట్ గ్రౌటింగ్. సన్నని రంధ్రం గుండా తీవ్ర ఒత్తిడితో సిమెంటు పాలు చిమ్మితే, అది మట్టితో కలిసి స్తంభంలా గడ్డకడుతుంది. అలాంటి స్తంభాలను పక్కపక్కనే ఒకదానిలో ఒకటి కలిసేలా పోస్తే నీటికి అడ్డుగోడ తయారవుతుంది.

పాత గోడకు అతుకులు వేయడమా, కొత్తది కట్టడమా? 2024లో అమెరికా, కెనడా నిపుణుల బృందం పరిశీలన తర్వాత రెండో దారే ఖాయమైంది. 2025 జనవరి 18న కొత్త గోడ పని మొదలైంది. అంచనా దాదాపు రూ. 990 కోట్లు. ఇందులో వాడే ప్లాస్టిక్ కాంక్రీటులో బెంటోనైట్ బంకమట్టి కలుస్తుంది. పైన కట్ట బరువుకు నేల కాస్త సర్దుకున్నా గోడ పగలకుండా తానూ సర్దుకుంటుందన్నది ఉద్దేశం.

పోలవరం నేర్పిన పాఠం ఖరీదైనదే. నేలను బలపరిచే పరిజ్ఞానానికి కొదవలేదు. ఏ పని ముందు, ఏది తర్వాత అన్న క్రమం తప్పితేనే ముప్పు. ఎగువన కొంటాకైనా, దిగువన రాజమండ్రికైనా అందులోనే ఉంది భరోసా.