సుగ్గికి పోయిన తల్లి, ఇనుము అందని బిడ్డ

పోయిన నెల ఆదోని వైపు ఒక పల్లెలో కూలీల మీటింగు అయినాక ఒక అవ్వ మనవడిని నా ముందుకు తెచ్చింది. "చూడప్పా, మూడో తరగతికొచ్చినాడు. చెప్పింది చెప్పినట్టే మర్సిపోతాడు. అయివారు మొద్దోడంటాండాడు. మట్టి తింటాండాడు" అని చెప్పింది. పిల్లోడి కింది కనురెప్ప లాగి చూశాను. ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం కొట్టినట్టు ఉంది. తల్లి ఏదంటే గుంటూరు జిల్లాకు మిరపకాయల కోతకు పోయిందన్నారు. వీడు కడుపులో ఉన్నప్పుడు కూడా సుగ్గికే పోయిందట.

నేను డాక్టరును కాను, చదివింది ఏడో తరగతి. డాక్టర్లను అడిగి, దొరికిన పుస్తకాలు చదివి తెలుసుకున్నది రాస్తున్నాను.

రక్తం ప్రాణవాయువును మోసేది ఇనుముతోనే అని చాలామందికి తెలుసు. మెదడుకు కూడా ఇనుము కావాలన్న సంగతి తెలిసినవాళ్లు తక్కువ. కరెంటు తీగకు తొడుగు ఉన్నట్టే మెదడులోని నరాల చుట్టూ ఒక కొవ్వు పొర ఉంటుంది. ఆ పొర సరిగా ఏర్పడితేనే కబురు ఒక చోటి నుంచి ఇంకో చోటికి వేగంగా పోతుంది. ఆ పొరకు ఇనుము కావాలి. హుషారునూ ధ్యాసనూ నడిపే డోపమైన్ అనే రసాయనానికీ, జ్ఞాపకం నిలిపే భాగానికీ కావాలి. ఇనుము తక్కువైనప్పుడు పసిబిడ్డ ఒళ్లు ఉన్నదాన్ని ముందు రక్తానికి పంచుతుంది. మెదడు వాటా ఆ తర్వాతే. అంటే బిడ్డ పాలిపోయినట్టు మన కంటికి కనబడే నాటికే లోపల మెదడు పస్తులుంటుంది.

బిడ్డ తనకు కావలసిన ఇనుమును తల్లి కడుపులో చివరి మూడు నెలల్లోనే ఎక్కువగా కూడబెట్టుకుంటాడు. నెలలు నిండి పుడితే ఆ నిల్వ దాదాపు ఆరు నెలలు వస్తుంది. తల్లి రక్తమే నీళ్లలా ఉంటే బిడ్డ కూడబెట్టేదెక్కడ? కాన్పు కాగానే బొడ్డు కోసెయ్యకుండా కనీసం ఒక నిమిషం ఆగితే తల్లి నుంచి మరికొంత రక్తం బిడ్డకు చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇదే. పైసా ఖర్చు లేని పని.

తర్వాత మాత్రలు మింగిస్తే సరిపోదా? కోస్టారికా దేశంలో బెట్సీ లోజాఫ్ అనే డాక్టరమ్మ, ఆమె తోటివాళ్లు దీన్నే పరిశీలించారు. పసితనంలో ఇనుము బాగా తగ్గిన పిల్లలకు మందిచ్చారు, రక్తం కుదుటపడింది. అయినా ఐదేళ్లప్పుడు పరీక్షిస్తే తోటి పిల్లల కంటే వెనకబడి ఉన్నారు. ఇంటి పరిస్థితుల తేడాలు లెక్కలోకి తీసుకున్నా ఆ వెనకబాటు పోలేదు. ఇది 1991లో అచ్చయింది. ప్రతి బిడ్డకూ ఇట్లే అవుతుందని కాదు. మందు ఆపమనీ కాదు. ముందే ఇవ్వాలని దీని అర్థం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉందని తేలింది. అంతకుముందు సర్వేలో 59 మంది. అంతా ఇనుము లోటే అనలేం, పెద్ద కారణం మాత్రం అదే. ఇంతమంది పుట్టుకతోనే మొద్దులా?

మన సీమలో ఒకప్పుడు సజ్జరొట్టె, కొర్రన్నం, రాగిసంగటి తినేవాళ్లం. చేలన్నీ వేరుశనగ అయినాయి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. అది ఆకలి తీర్చింది, కాదనను. కానీ 100 గ్రాముల సజ్జల్లో ఆరు మిల్లీగ్రాములకు పైగా ఇనుముంటే తెల్లబియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. సజ్జల్లో ఉన్నదంతా ఒంటికి పట్టదనుకో. నిమ్మకాయో ఉసిరికాయో తోడైతే కొంత ఎక్కువ పడుతుంది, తిండి వెంటనే టీ తాగితే తగ్గుతుంది. కూలికి పోయే ఆడమనిషి ఆకలి చంపుకునేది ఆ టీతోనే కదా!

గర్భిణులకు ఇనుము మాత్రలిచ్చే పథకం 1970 నుంచీ ఉంది. ఇప్పటి లెక్క ప్రకారం నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180 మాత్రలు. కాన్పు తర్వాత మళ్లీ 180. బిడ్డకు ఆరో నెల నుంచి వారానికి రెండుసార్లు సిరప్పు. కాగితం మీద లోటు లేదు. దీపావళి దాటినాక బండెక్కి ఉగాదికి ఇల్లు చేరే మనిషికి ఇవి ఎవరిస్తారు? ఊళ్లో ఆశా కార్యకర్త పుస్తకంలో "ఊరిలో లేరు" అని రాస్తుంది. అక్కడి ఆశాకు ఈమె ఎవరో తెలియదు. మేస్త్రీకి కావలసింది కోసిన కాయల లెక్క. మాత్ర దొరికినా మలం నల్లగా వస్తోందనో, కడుపులో తిప్పుతోందనో పారేసేవాళ్లున్నారు. నలుపు మామూలేనని ముందుగా చెప్పే దిక్కుండదు.

2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం గర్భిణికీ, బాలింతకూ అంగన్‌వాడీలో తిండి హక్కు. సొంత ఊళ్లోనే తినాలని అందులో లేదు. ఈసారి గుంపు కదిలే ముందు గర్భిణుల పేర్లు సంఘం రాసుకోవాలి. వెళ్లే నెలలకు సరిపడా మాత్రలు ఊళ్లోనే ఇప్పించాలి. దిగిన చోట అంగన్‌వాడీలో పేరెక్కించాలి. ఊళ్లోనే పని, బతికేంత కూలి ఉంటే ఈ తిప్పలే ఉండవు, ఆ పోరాటం ఎట్లాగూ ఉంది.

ఆ పిల్లోణ్ణి ఆసుపత్రికి తీసుకుపోయినాం. నులిపురుగుల మాత్ర, ఇనుము మాత్రలు ఇచ్చారు. మట్టి తినడం తగ్గిందని అవ్వ చెప్పింది. చదువు సంగతి ఇంకా తెలీదు. వాళ్లమ్మకు ఇప్పుడు మళ్లీ ఐదో నెల. ఫోన్ చేసి అడిగితే, ఆ ఊళ్లో అంగన్‌వాడీ ఎక్కడుందో ఆమెకు తెలియదు.